దోమకు ఒక అణా బేరం ఇక చెల్లదు



దోమల మీద జరిగిన పెద్ద చరిత్ర ఒకటి మన లాలాగూడకు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ సైనిక డాక్టర్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి తెచ్చుకున్నాడు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు. ఇదంతా బడిలో చెప్పారు. చెప్పనిది ఒకటుంది. ఆ దోమలకు తన రక్తం తాగించిన మనిషి పేరు హుసేన్ ఖాన్. మలేరియా జ్వరంతో ఉన్న రోగి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆయనకు ఇచ్చాడు. లెక్క అక్కడితో తేలిపోయింది.

నూట పాతికేళ్లు దాటినంక అదే బేరం మళ్లీ మన గూడేల ముందుకు వస్తున్నది. అప్పుడు రక్తం అడిగారు, ఇప్పుడు ఆకు అడుగుతున్నారు. ఆకుతో పాటు, ఆ ఆకు ఎందుకు పనికొస్తదో చెప్పే మాట కూడా అడుగుతున్నారు.

ముందు విషయం ఏందో సాఫుగా చెప్పుకుందాం.

డెంగీ, చికున్‌గున్యా, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు, ఇవన్నీ దోమలు మోసుకొచ్చే వైరస్‌లు. మలేరియాకు మందు ఉంది. డెంగీకి, చికున్‌గున్యాకు వైరస్‌ను నేరుగా చంపే మందు మన ఆస్పత్రుల్లో ఇప్పటికీ లేదు. పారాసిటమాల్, సెలైన్, జాగ్రత్తగా కనిపెట్టుకొని ఉండడం, అంతే వైద్యం. అందుకే శాస్త్రవేత్తలు కొత్త దారులు వెతుకుతున్నారు. అందులో ఒకటి మొక్కల రసాలతో నానో కణాలు తయారు చేయడం.

నానోమీటర్ అంటే మీటరులో నూరు కోట్లవ వంతు. వెండి లవణం కలిపిన నీళ్లలో ఆకు కషాయం పోస్తారు. ఆకులో ఉండే చేదు, వగరు పదార్థాలు ఆ లవణంలోని వెండిని కంటికి కనపడనంత చిన్న కణాలుగా మార్చి, వాటి చుట్టూ పొరలా పట్టుకుంటాయి. నీళ్ల రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఖరీదైన విష రసాయనాలు వాడకుండా ఆకుతోనే పని అయిపోతుంది కాబట్టి దీన్ని 'గ్రీన్' పద్ధతి అంటున్నారు. ఈ కణాలు దోమ పిల్లల్ని చంపుతాయా, వైరస్‌ను కణంలోకి దూరకుండా ఆపుతాయా అని పరీక్షిస్తారు.

ఇది గాలి కబురు కాదు. కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీ వాళ్లు మునగ గింజల రసంతో వెండి నానో కణాలు చేసి, డెంగీని మోసే ఏడిస్ దోమ మీద, డెంగీ రెండో రకం వైరస్ మీద పరీక్షించి 2015లో ఫలితాలు అచ్చు వేశారు. 2019లో ఇంకో బృందం నేలవేము, తిప్పతీగ, నేల ఉసిరి ఈ మూడింటితో కణాలు చేసి చికున్‌గున్యా వైరస్ మీద వేసి చూసింది. మూడింటిలో నేలవేముది పైచేయి అయింది. మన లాలాగూడ పక్కనే తార్నాకలో ఉన్న ఐఐసీటీ 1944లో మొదలైన సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు 2014లో ఓలాక్స్ స్కాండెన్స్ అనే అడవి మొక్క ఆకుతో వెండి నానో కణాలు చేసి బ్యాక్టీరియా మీద, క్యాన్సర్ కణాల మీద పరీక్షించారు. అంటే ఈ విద్య మన ఇంటి పక్క వీధిలోనే ఉంది.

ఇప్పుడు ఒక్కసారి ఆ పేర్లు మళ్లీ చదవండి. నేలవేము. తిప్పతీగ. నేల ఉసిరి. వీటిని ఎవరు కనిపెట్టారని మన గూడెంలో ఎవరినన్నా అడగండి, నవ్వుతారు. జ్వరం వస్తే నేలవేము కషాయం, దోమలు ముసిరితే వావిలాకు పొగ, తలలో పేలుకు సీతాఫలం గింజల పొడి. ఇవి పసరు మందు ఇచ్చే ముసలమ్మకు తెలుసు, అడవికి పోయొచ్చే పిల్లకు తెలుసు.

పరిశోధన పేపర్లు తెరిచి చూడండి. మొదటి పేరాలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: ఈ మొక్కను గిరిజనులు సంప్రదాయ వైద్యంలో వాడతారు. మొక్కను ఎందుకు ఎంచుకున్నారో చెప్పడానికి మనం అక్కడ పనికొస్తాం. తర్వాత పేరాలో వెండి లవణం ఏ కంపెనీది, ఎంత శుద్ధమైనదో కచ్చితంగా రాస్తారు. ఆకు దగ్గరికి వచ్చేసరికి 'స్థానికంగా సేకరించాం' అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన పేపర్లు ఎన్నో. కంపెనీకి పేరుంది, గూడేనికి పేరు లేదు.

వేల మొక్కల్లో ఏది జ్వరానికి పనికొస్తదో ల్యాబ్‌లో ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ పోతే ఎన్ని తరాలు పడుతుంది? ఆ వడపోత మనోళ్లు ముందే చేసి పెట్టారు. కొందరు తప్పు ఆకు తిని చచ్చిపోయి మరీ చేసి పెట్టారు. పరిశోధనలో మొదటి మెట్టు అదే. ఆ మెట్టు కట్టినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

చైనా కథ చూడండి. తు యూయూ అనే శాస్త్రవేత్త మలేరియాకు ఆర్టెమిసినిన్ మందు తీసి 2015లో నోబెల్ అందుకున్నారు. పదహారు వందల ఏళ్ల నాటి గె హాంగ్ అనే వైద్యుడి పుస్తకంలో ఆ ఆకును చల్లటి నీళ్లలో నానబెట్టమన్న మాట తనకు దారి చూపిందని ఆమె బహిరంగంగా చెప్పారు. మంచిదే. పుస్తకంలో రాసినాయనకు పేరు దక్కింది. మరి నోటితో చెప్పిన మన అవ్వకు? అక్షరం లేనంత మాత్రాన అది జ్ఞానం కాకుండా పోతదా?

ఇంకో కథ కూడా తెలుసుకోవాలె. మలేరియాకు మొదటి అసలు మందు క్వినైన్. అది దక్షిణ అమెరికా ఆండీస్ కొండల సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చింది. 1865లో మంచి జాతి విత్తనాలను ఏరి చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లిష్ వ్యాపారికి చేర్చింది మాన్యుయల్ ఇంక్రా మమాని అనే బొలీవియా ఆదివాసీ. ఆ విత్తనాలు డచ్ ప్రభుత్వం చేతికి పోయాయి. జావా తోటలు లేచాయి. ప్రపంచ క్వినైన్ మార్కెట్‌ను దశాబ్దాల పాటు అవే ఏలాయి. మమాని మళ్లీ విత్తనాల కోసం పోయి పట్టుబడ్డాడు. జైల్లో పెట్టి కొట్టారు, ఆ దెబ్బలకే ప్రాణం పోయింది. ఏ చెట్టు మంచిదో కనిపెట్టగలిగిన కన్ను ఆయనది. లాభం సముద్రం దాటి పోయింది.

'అవన్నీ వలస పాలన నాటి మాటలు, ఇప్పుడు చట్టాలున్నాయి కదా' అంటారు. ఉన్నాయి. నేనూ డిగ్రీ దాకా చదువుకున్నోన్నే, చట్టం చదివే మాట్లాడుతున్నా.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సెక్షన్ 3(1)(కె) ఇంకా ముందుకు పోయి, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సమష్టి హక్కు ఉందని చెప్పింది. పోడు పట్టాల గురించి మనం కొట్లాడుతున్నాం, కొట్లాడాలె. కానీ ఈ 'కె' క్లాజు కింద దరఖాస్తు పెట్టిన గూడేలు ఎన్ని? అధికారులు ఎన్నడన్నా దాని గురించి గ్రామసభలో చెప్పారా?

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, మొక్కల గురించి ప్రజల రిజిస్టర్ ఉండాలి. 2020 జనవరి 31 గడువు పెట్టి నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఒత్తిడి చేస్తే దేశమంతా హడావుడిగా కమిటీలు పుట్టుకొచ్చాయి. మీ పంచాయతీ కమిటీలో సభ్యులెవరో మీకు తెలుసా? మీ రిజిస్టర్‌లో నేలవేము పేరుందా? పోయి అడగండి. జవాబు దొరికితే సంతోషం.

2023లో ఆ చట్టాన్నే సవరించారు. గ్రంథాల్లో రాసి ఉన్న సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లు ముందస్తుగా చెప్పక్కర్లేదు, లాభంలో వాటా ఇయ్యక్కర్లేదు అన్నారు. ఉల్లంఘిస్తే జైలు అన్నది తీసేసి జరిమానాతో సరిపెట్టారు. ఇందులో మెలిక గమనించండి. ఒక మొక్క శాస్త్రగ్రంథంలో ఉంటే అది 'అందరిదీ', వాటా లేదు. గూడెంలో నోటి మాటగా ఉంటే రాతలో లేదు కాబట్టి 'ఎవరిదీ కాదు', అప్పుడూ వాటా లేదు. రెండు దారులూ మన గుమ్మం తప్పించుకొనే పోతున్నాయి.

'వేప, తిప్పతీగ అందరివీ కదా, ఆదివాసీలకు ప్రత్యేక హక్కేంది?' అని చదువుకున్న మిత్రులే అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్తా. వేప చెట్టు మాదొక్కరిదే అని ఏ ఆదివాసీ అనడు. తమిళనాడులో డెంగీ వచ్చినప్పుడు ప్రభుత్వమే నేలవేము కషాయం పంచిపెట్టింది. సిద్ధ వైద్యంలో అది ఎప్పటి నుంచో ఉంది. అందరిదీ అయిన జ్ఞానం అందరికీ అందుబాటులో ఉంటే మాకు అభ్యంతరం లేదు. కానీ అదే ఆకుకు నానో అనే తోక తగిలించి పేటెంట్ తీసుకుంటే అది ఇక అందరిదీ కాదు, ఒక్కరిదే. అందరిదాన్ని ఒక్కరిదిగా మార్చే ఆ క్షణంలోనే మా ప్రశ్న మొదలవుతుంది. వేప మీద అమెరికా కంపెనీకి యూరప్‌లో వచ్చిన పేటెంట్‌ను రద్దు చేయించడానికి 1990లలో పోరాటం మొదలుపెడితే, అప్పీలు కూడా పోయి అది పూర్తిగా రద్దయింది 2005లో. అందరిదీ అని చేతులు కట్టుకొని కూర్చుంటే ఆ పేటెంట్ అట్లనే ఉండేది.

వాటా ఇచ్చిన ఉదాహరణలు లేవా? ఉన్నాయి. కేరళలో కాణి ఆదివాసీలు అలసట తీర్చే ఆరోగ్యపచ్చ అనే మొక్కను శాస్త్రవేత్తలకు చూపించారు. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. 1995లో ఒక కంపెనీకి లైసెన్స్ ఇస్తూ 10 లక్షల రూపాయల ఫీజు, 2 శాతం రాయల్టీ రాసుకొని, అందులో సగం కాణిలకు ఇచ్చే ఏర్పాటు చేశారు. 1997లో వాళ్ల పేరు మీద ట్రస్టు పెట్టారు. దేశంలో మొదటి అడుగుల్లో అది ఒకటి, మెచ్చుకోవాలె. అయితే ఆ మొక్కను అడవి నుంచి తెచ్చే దగ్గర అటవీ శాఖ ఆంక్షలు అడ్డం పడ్డాయి. చేత్తో వాటా పత్రం ఇచ్చి, కాలితో అడవి దారి మూసేస్తే ఆ వాటాకు విలువేముంది?

మన దగ్గర కూడా ఒకటి జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి వనపర్తి జిల్లా అమరచింత నుంచి హైదరాబాద్ కంపెనీ ఒకటి 2,000 కిలోల వేపాకు జపాన్‌కు పంపింది. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయల రాయల్టీ కట్టింది. అందులో 20,000 అమరచింత జీవవైవిధ్య కమిటీకి వచ్చాయి, వేప మొక్కలు నాటడానికి, అవగాహన పెంచడానికి. మొత్తం చిన్నదే. కానీ దారి ఉన్నదని అది రుజువు చేసింది. ఆకు ఏ ఊరిదో రాస్తే, పైసలు ఆ ఊరి దాకా నడిచి రాగలవు. ఊరి పేరు రాయకపోతే ఏ దారీ లేదు.

ఇప్పుడు ల్యాబ్‌ల గురించి ఇంకో నిజం కూడా మాట్లాడుకోవాలె, మనోళ్ల కోసం. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం ఇంకా గాజు పాత్రలు దాటలేదు. పాత్రలో వైరస్‌ను ఆపిన ప్రతిదీ మనిషి ఒంట్లో మందు కాదు. కాబట్టి ఎవడన్నా గూడెంలోకి వచ్చి 'నానో వెండి మందు, డెంగీ తగ్గిపోతది' అని సీసా అమ్మితే కొనకండి. వెండి నీళ్లు తాగుతూ పోతే చర్మం నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ రంగు మళ్లీ పోదు. జ్వరంతో ఉన్న మనిషికి కషాయం ఇయ్యడం మీ ఇష్టం. కానీ కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా కషాయం దగ్గర ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకపోండి. జ్వరం దిగినట్టు అనిపించే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ గోలీలు వేయొద్దు.

'గ్రీన్' అన్న పేరు చూసి కూడా మోసపోవద్దు. ఆకు పచ్చదే, లోపలున్నది వెండి. వెండి అయాన్లు చేపలకు, నీళ్లలోని చిన్న జీవులకు హాని చేస్తాయి. తక్కువ మోతాదులో వేస్తే దోమ పిల్లల్ని తినే కప్ప పిల్లలకు ఏమీ కాలేదని కొన్ని ప్రయోగాలు చెప్పాయి. మంచి మాట. కానీ ఆ ప్రయోగాలు ల్యాబ్ తొట్లలో జరిగాయి. మన వాగు తొట్టి కాదు. మనం చెలమ తవ్వుకొని తాగే నీళ్లు అవే, చేపలు పట్టుకునేవి అవే, పశువులు దిగేవి అవే.

అసలు బాధ ఇంకొకటి ఉంది. 2006లో దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల మందికి చికున్‌గున్యా సోకినట్టు అనుమానించారు. ఆ ఏడు మన తెలుగు జిల్లాలు కూడా మంచాన పడ్డాయి. అప్పటి నుంచి ప్రతి వానాకాలం ఏజెన్సీలో జ్వరాలు వస్తూనే ఉన్నాయి. పేపర్లు 'విష జ్వరాలు' అని రాస్తాయి. ఏ విషం? పరీక్ష చేస్తే కదా పేరు తెలిసేది. డెంగీని నిర్ధారించే ఎలీసా పరీక్ష కోసం, ప్లేట్‌లెట్ల కోసం చాలా గూడేల వాళ్లు దూరం పోవాలె. దోమతెరలు పంచి ఫొటో దిగుతారు. డెంగీ దోమ కుట్టేది పగలు, పొలంలో, బడిలో, ఇంటి ముంగట నీళ్ల డ్రమ్ము పక్కన. మన ఆకుతో చేసిన కణం నానోమీటర్లలో కొలిచే యంత్రం నగరంలో ఉంది. మన పిల్లగాని రక్తంలో ఏ వైరస్ ఉందో చెప్పే యంత్రం మండల కేంద్రంలో లేదు.

పరిశోధన ఆపమని నేను అనడం లేదు. డెంగీకి మందు దొరికితే ముందు బతికేది మనోళ్లే, ఎందుకంటే ఆస్పత్రికి దూరంగా ఉన్నది మనమే. ఆ మందు మన అడవి ఆకు నుంచి వస్తే అంతకంటే గర్వం లేదు. కానీ ఐదు మాటలు తేల్చాలె.

ఒకటి. ఆకు ఏ ఊరి అడవిదో, ఎవరి జ్ఞానం దారి చూపిందో ప్రతి పేపర్‌లో, ప్రతి పేటెంట్ దరఖాస్తులో రాయాలి. పేటెంట్ చట్టం పదో సెక్షన్ జీవ పదార్థం మూలం, భౌగోళిక స్థానం చెప్పమని ఎప్పుడో అన్నది. 'స్థానికంగా' అనే మాట ఏ ఊరి పేరూ కాదు.

రెండు. మన జ్ఞానాన్ని, మన అడవి మొక్కను వాడే ముందు గ్రామసభ తీర్మానం ఉండాలి. గోండి, కోయ, కొలామీ మాటల్లో అర్థమయ్యేటట్టు చెప్పాలి. ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర అనుమతి కాదు.

మూడు. వాటా ముందే రాసుకోవాలి, మందు అమ్ముడుపోయాక దయతలిచి ఇచ్చేది వాటా కాదు. ఆకు ఏరే ఆడవాళ్లకు జీసీసీ ఇచ్చే ధర కూడా ఆ లెక్కలో భాగమే.

నాలుగు. దోమ పిల్లల్ని చంపే ఏ నానో మందైనా మన వాగుల్లో, చెరువుల్లో వేసే ముందు చేపల మీద, కప్పల మీద దాని ప్రభావం ఏందో గ్రామసభ ముందు పెట్టాలి. వద్దంటే వద్దు.

ఐదు. ఉట్నూర్, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల పరిధిలో డెంగీ నిర్ధారణ పరీక్ష, ప్లేట్‌లెట్లు వానాకాలం మొదలయ్యేలోపు అందుబాటులో ఉండాలి. నానో మందు వచ్చేదాకా మన ప్రాణాలు ఆగవు.

'ఇన్ని షరతులు పెడితే పరిశోధన ఆగిపోతుంది' అనేవాళ్లకు ఒక్కటే మాట. ల్యాబ్‌లో ఎలుక మీద ప్రయోగం చేయాలంటే నైతిక కమిటీ అనుమతి కావాలి. ఆ అనుమతులతో దేశంలో పరిశోధన ఆగిపోయిందా? ఎలుక కోసం కమిటీ కూర్చోగలిగితే గూడెం కోసం గ్రామసభ కూర్చోలేదా?

ఇగ మనం చేయాల్సింది కూడా ఉంది. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పసరు మందు తెలిసిన పెద్దల దగ్గర కూర్చోండి. వాళ్లు ఇష్టపడి చెప్పింది మన భాషలో రాయండి, రాసింది గ్రామసభ దగ్గర ఉంచండి. ఫోన్ పట్టుకొచ్చి రికార్డు చేసుకుపోయే ప్రతి వాళ్లకూ చెప్పేయొద్దు. పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టర్ చూపించమని అడగండి. సెక్షన్ 3(1)(కె) కింద సమష్టి హక్కు దరఖాస్తు పెట్టండి. పేటెంట్ చట్టం సెక్షన్ 25 ప్రకారం, ఒక ఆవిష్కరణ స్థానిక సమాజానికి నోటి మాటగా ముందే తెలిసి ఉంటే దానిమీద అభ్యంతరం పెట్టొచ్చు. చట్టం మన అవ్వ నోటి మాటను సాక్ష్యంగా ఒప్పుకున్నది. ఆ సాక్ష్యం చెప్పడానికి మనం నిలబడాలె.

వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్పించండి: మా అడవి మొక్కలు, మా మందుల జ్ఞానం, మా అనుమతి. తీర్మానం రాయండి, సంతకాలు పెట్టండి, ఒక కాపీ ఐటీడీఏకు, ఒక కాపీ రాష్ట్ర జీవవైవిధ్య మండలికి, ఒక కాపీ తార్నాక ల్యాబ్‌లకు పంపండి. లాలాగూడలో ఉన్నోళ్లం, ఆ కాపీ చేత్తో ఇచ్చి రసీదు తెచ్చే పని మేం చూసుకుంటాం.

జోహార్.